సంతకం పెట్టి వచ్చినవాడి కథ

అమెరికా తెలుగు కథలో ఇంటికి తిరిగి రావడం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి సెలవులకి రావడం. మూడు వారాలు, రెండు పెద్ద సూట్‌కేసులు, గుర్తుపట్టలేనంత మారిపోయిన వీధి, వయసు మీదపడిన అమ్మ, చివర్లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు గేటు. రెండోది అన్నీ సంపాదించుకున్నాక ఇక చాలనుకుని రావడం. ఊళ్లో బడికి గదులు కట్టించడమో, మామిడితోట కొనడమో దాని ముగింపు. గల్ఫ్ కథకి వస్తే మూడో రకం ఒకటుంది: పెట్టెలో రావడం.

ఈ మూడింట్లోనూ చోటు దొరకని మనిషి ఒకడున్నాడు. అతన్ని ఎవరూ మెడపట్టి గెంటలేదు. టికెట్ తనే కొనుక్కున్నాడు, లేదా వాళ్ల నాన్న అప్పుచేసి కొన్నాడు. జడ్జి అడిగినదానికి ఔనన్నాడు, ఇచ్చిన గడువులోపల దేశం వదిలాడు. కాయితాల ప్రకారం తన ఇష్టంతోనే వెళ్లాడు. అతని కథ మన దగ్గర లేదు. ఉంటే నా కంటపడలేదు. ఎవరైనా చూపిస్తే సంతోషిస్తాను.

లేని కథ మీద విమర్శేంటి అని అడగొచ్చు. ఉన్న కథల్నే చదువుకుంటూ పోతే మన వలస సాహిత్యం ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. ఎవరు ఎదురైతే తల పక్కకి తిప్పుకుందో తెలియదు. నాకు ఈ రెండోది తెలుసుకోవాలని ఉంది.

నేనుండేది చిక్కడపల్లిలో. ఆ కథకి కావలసిన సరంజామా అంతా ఇక్కడ కాస్త నడిస్తే దొరుకుతుంది. నారాయణగూడ వైపు వెళ్తే ఇంగ్లిష్ పరీక్షల కోచింగులు, విదేశీ చదువుల కన్సల్టెన్సీలు, వీసా ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నకి ఏం చెప్పాలో నేర్పేవాళ్లు. అశోక్‌నగర్ వైపు తిరిగితే గ్రూప్స్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెటీరియల్ అమ్మే జిరాక్స్ షాపులు, సిటీ సెంట్రల్ లైబ్రరీలో చోటు కోసం పొద్దున్నే వచ్చే పిల్లలు. ఇక్కడే త్యాగరాయ గానసభ. చలికాలం సెలవులు వచ్చాయంటే ప్రవాస రచయితల పుస్తకావిష్కరణలు కూడా అక్కడ చూస్తుంటాం. ఒక వీధి వెళ్లిపోవడానికి, ఒక వీధి ఇక్కడే ఉండి తేల్చుకోవడానికి, మధ్యలో వెళ్లినవాళ్ల పుస్తకాలకి శాలువాలు. మొదటి వీధిలోంచి వెళ్లి, తిరిగొచ్చి రెండో వీధిలో రూము తీసుకున్నవాడు ఆ గానసభ ముందునుంచే రోజూ టిఫిన్‌కి పోతుంటాడు. లోపల వేదిక మీద అతని మాట వినపడదు.

*

ఫార్మింగ్టన్ పేరు మన ఇళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊరు. అక్కడ ఒక ఆఫీసు భవనంలో ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’. దానికి వెబ్‌సైట్ ఉంది. అధికార ముద్ర ఉంది. ముద్ర మీద ‘జ్ఞానం, శ్రమ’ అని అర్థం వచ్చే లాటిన్ నినాదం ఉంది. విదేశీ విద్యార్థుల్ని చేర్చుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్న సంస్థల జాబితాలో పేరుంది. లేనివి రెండే: పాఠాలు, పాఠాలు చెప్పేవాళ్లు. ఎందుకంటే దాన్ని నడిపింది అమెరికా ఇమిగ్రేషన్ అమలు సంస్థ ‘ఐస్’. అడ్మిషన్లు చూసినవాళ్లు మారుపేర్లతో కూర్చున్న ఏజెంట్లు.

2019 జనవరి చివర్లో ముసుగు తీశారు. అప్పటికి దాదాపు 600 మంది చేరి ఉన్నారు. చాలామంది తెలుగువాళ్లు. మొదటి విడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులే. ఆ ఏడాది నవంబర్‌కి అరెస్టుల సంఖ్య 250 దాకా వెళ్లింది. ఐస్ చెప్పిన లెక్క ప్రకారం వాళ్లలో దాదాపు 80 శాతం మందికి ‘వాలంటరీ డిపార్చర్’, అంటే స్వచ్ఛందంగా వెళ్లిపోయే అవకాశం, దొరికింది. మిగిలినవాళ్లలో సగం మందికి రిమూవల్ ఆర్డర్లు, అంటే మనం మామూలుగా డిపోర్టేషన్ అనేది. తక్కినవాళ్లు అప్పటికింకా కొట్లాడుతున్నారు.

అదే మొదటిసారి కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు పిల్లల కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు. ఆ ఫొటోలు మన పేపర్లలో మొదటి పేజీల్లో వచ్చాయి. అక్కడ మోసం చేసింది యజమానురాలు. 2014లో ఆమెకి 16 ఏళ్లకి పైగా జైలు శిక్ష పడింది. 2016లో బయటపడిన న్యూజెర్సీ దొంగ యూనివర్సిటీ మాత్రం ఫార్మింగ్టన్ లాగే ప్రభుత్వం పెట్టిందే.

ఒక పిల్లవాడు అక్కడిదాకా ఎలా వెళ్తాడు? ఎమ్మెస్ అయిపోతుంది. పని చేసుకోవడానికి ఇచ్చిన ఓపీటీ గడువు దగ్గర పడుతుంది. హెచ్-1బీ లాటరీలో ఏడాదికి ఉండేవి 85,000, పేరు రాదు. ఇంటి దగ్గర పొలం కాయితాలు బ్యాంకులో ఉన్నాయి. ఉద్యోగం చేస్తూనే స్టూడెంట్‌గా ఉండాలంటే ఇంకో కాలేజీలో చేరి, చదువులో భాగంగా పనిచేసే సీపీటీ తీసుకోవాలి. మొదటి రోజు నుంచే సీపీటీ ఇచ్చే కాలేజీ ఎక్కడుందో రూమ్మేట్‌కి తెలుసు. ఇంకొకర్ని చేర్పిస్తే ఫీజులో కొంత తగ్గుతుందని ఆ రూమ్మేట్‌కి ఇంకెవరో చెప్పారు. ఫార్మింగ్టన్‌లో విద్యార్థుల్ని చేర్పించారని కేసు పెట్టిన ఎనిమిది మందీ తెలుగువాళ్లే.

ఇక్కడ ఒక విమర్శకుడిగా నాకు కొంచెం సిగ్గుగా అనిపించే విషయం చెప్తాను. ఆ యూనివర్సిటీ ఒక కల్పన. కల్పన మీద పనిచేసేవాళ్లుగా దాన్ని మనం కాస్త శ్రద్ధగా చూడాలి. దాన్ని రాసినవాళ్లకి తమ పాఠకుడు బాగా తెలుసు. ఏ నెలలో భయపడతాడో తెలుసు. ఎంత ఫీజు అయితే నోరు మూసుకుని కడతాడో తెలుసు. క్లాసులు ఎప్పుడని ఒకసారి అడుగుతాడని, రెండోసారి అడగడానికి జంకుతాడని తెలుసు. తెలుగు ఎమ్మెస్ కుర్రాడి మనసుని ఇంత దగ్గరగా పట్టుకున్న రచన మనవాళ్లు రాసినవాటిలో నాకు కనపడలేదు. మన కథల్లో ఆ కుర్రాడు స్నో చూసి మురిసిపోతాడు, పచ్చడి వాసన గుర్తొచ్చి ఏడుస్తాడు. అతని ఐ-20లో తేదీ ఎప్పుడు అయిపోతుందో రచయితకి పట్టదు.

*

ఇప్పుడు అసలు విషయం, ఆ ఎంపిక. ‘స్వచ్ఛందం’ అనే మాటని న్యాయశాస్త్రం ఏ అర్థంలో వాడుతుందో చూడకుండా ఆ మనిషి కథ అర్థం కాదు.

కేసు మొదట్లోనే వాలంటరీ డిపార్చర్ కావాలంటే జడ్జి ముందు కొన్ని పనులు చెయ్యాలి. తనని దేశం నుంచి తొలగించడానికి కారణం ఉందని ఒప్పుకోవాలి. ఇంకే ఉపశమనమూ అడగనని చెప్పాలి. అప్పీలు హక్కు వదులుకోవాలి. ఇవన్నీ అయ్యాక సొంత ఖర్చుతో వెళ్లడానికి గడువిస్తారు, ఎక్కువలో ఎక్కువ 120 రోజులు. విచారణ చివరిదాకా పోరాడి అప్పుడు అడిగితే షరతులు పెరుగుతాయి, గడువు 60 రోజులకి తగ్గుతుంది, కనీసం 500 డాలర్ల బాండు కట్టాలి. గడువు దాటితే 1,000 నుంచి 5,000 డాలర్ల జరిమానా, పదేళ్లపాటు కొన్ని దారులు మూసుకుపోవడం. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ ‘స్వచ్ఛందం’ దానంతట అదే రిమూవల్ ఆర్డర్ అయిపోతుంది.

ఒప్పుకోకుండా నిలబడి ఓడిపోతే నేరుగా రిమూవల్ ఆర్డర్. మామూలుగా పదేళ్ల దాకా మళ్లీ అడుగు పెట్టడానికి లేదు. ఇంక జన్మంతా ఏ దేశం వీసా ఫారం నింపినా ఆ మాట వెంట వస్తుంది.

కాబట్టి లాయర్లు చాలామందికి మొదటి దారే చెప్తారు. తప్పు సలహా అని నేననను. నా తమ్ముడైతే నేనూ అదే చెప్తాను. కానీ ఆ దారిలో అడుగడుగునా ఏం వదులుకుంటున్నారో చూడండి. ‘నేను చేసింది తప్పు కాదు, నన్ను మోసం చేశారు’ అని చెప్పే అవకాశం మొట్టమొదట పోతుంది. దొంగ యూనివర్సిటీ పెట్టింది మీరే కదా అని అడిగే చోటు కోర్టే. ఆ చోట నోరు విప్పకుండా ఉంటే రికార్డు శుభ్రంగా ఉంచుతామని ఒప్పందం. అంటే స్వచ్ఛందంగా వెళ్లేవాడు దేశంతోపాటు తన వైపు కథని కూడా వదిలి వెళ్తాడు. ఆ కథ వదిలినందుకే అతనికి ఆ ‘స్వచ్ఛందం’ అనే మాట ఇస్తారు.

ఫీజులు తీసుకుని చదువు చెప్పలేదని విద్యార్థుల తరఫున ప్రభుత్వం మీద వేసిన దావా కింది కోర్టులో కొట్టేశారు. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు దాన్ని మళ్లీ బతికించింది. అప్పటికి ఐదేళ్లు దాటింది. పిల్లల్లో ఎక్కువమంది ఎప్పుడో ఇళ్లకి చేరిపోయారు.

నాకు తెలిసిన ఒక అబ్బాయి అలా వచ్చినవాళ్లలో ఒకడు. మా కాలేజీలో నాకు జూనియర్. కొన్ని వారాలు లోపలున్నాడు, జడ్జి ముందు ఒప్పుకున్నాడు, వచ్చేశాడు. అశోక్‌నగర్‌లో రూము తీసుకుని గ్రూప్స్‌కి చదివాడు. హాస్టల్లో ఎవరికీ అమెరికా వెళ్లొచ్చినట్టు చెప్పలేదు. ఒకసారి లైబ్రరీ బయట టీ తాగుతుంటే వీసా దరఖాస్తు డీఎస్-160 మాట వచ్చింది. అందులో ఒక ప్రశ్న ఉంటుంది: మిమ్మల్ని ఏ దేశం నుంచైనా తొలగించడం గానీ డిపోర్ట్ చెయ్యడం గానీ జరిగిందా?

“దానికి ‘నో’ అని పెట్టనీకే సంతకం పెట్టిన అన్నా,” అన్నాడు. “గని అదే ఫారంల ఇంకో ప్రశ్న ఉంటది. వీసా షరతులు ఎప్పుడన్న ఉల్లంఘించినవా అని. దానికేం పెట్టాలె?”

నా దగ్గర జవాబు లేదు. అతని దగ్గరా లేదు. మళ్లీ దరఖాస్తు పెట్టలేదు. పొలం తాకట్టు, లోపల గడిపిన రాత్రులు, ఐదేళ్ల వయసు, అన్నీ కలిపి ఒక ‘నో’ కొనుక్కున్నాడు. ఆ ‘నో’ వాడుకునే చోటు మాత్రం దొరకలేదు. నేను చదవాలనుకునే కథ ఈ రెండు ప్రశ్నల మధ్య ఉంది.

*

ఇదే ఎంపిక మన గల్ఫ్ పల్లెలకి ఇంకా పాతది. అక్కడ దాని పేరు వేరు. జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు ఎవర్నడిగినా చెప్తారు. యజమాని దగ్గర్నుంచి పారిపోయి కాయితాలు లేకుండా బతుకుతున్నవాడు ‘ఖల్లివల్లి’. అరబ్బులో ‘పోనీలే, వదిలెయ్’ అన్నట్టు వాడే మాట అది. మనవాళ్ల నోట మనిషి పేరైపోయింది. ఆ దేశాలు అప్పుడప్పుడూ గడువు ప్రకటిస్తాయి. సౌదీ 2017 మార్చిలో 90 రోజులు ఇచ్చింది. కువైట్ 2018 జనవరి 29న మొదలుపెట్టి ఏప్రిల్ 22 దాకా పొడిగించింది. ఆ గడువులో ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ పట్టుకుని వెళ్లిపోతే జరిమానా ఉండదు, సరైన వీసా దొరికితే మళ్లీ రావచ్చు. గడువు దాటాక దొరికితే వేలిముద్రలు, డిపోర్టేషన్, మళ్లీ రాకుండా నిషేధం.

తెలుగు పేపర్లు దీన్ని ‘క్షమాభిక్ష’ అంటాయి. ఒకే పనికి రెండు పేర్లు. అమెరికా నుంచి వచ్చేవాడిది స్వచ్ఛందం, కువైట్ నుంచి వచ్చేవాడిది భిక్ష. ఒకడికి ఇష్టం అంటగట్టారు, ఒకడికి దానం అంటగట్టారు. రెండు మాటల్లోనూ అవతలివాడు చేసినది మాయమైపోయింది. జీతం ఇవ్వకుండా పాస్‌పోర్టు లాక్కున్న యజమాని ‘క్షమ’ అన్న మాటలో ఎక్కడున్నాడు? దొంగ ముద్ర వేసిన ఆఫీసు ‘స్వచ్ఛందం’ అన్న మాటలో ఎక్కడుంది?

భాష మీద పనిచేసేవాళ్లం మనం పట్టుకోవలసింది ఇక్కడే. దేశ బహిష్కరణ అనే పాత మాట ఒకటి మనకుంది. దానికి గౌరవం ఉంది. 1883లో చందా రైల్వే పథకం వ్యవహారంలో గొంతెత్తినందుకు అఘోరనాథ చటోపాధ్యాయని నిజాం సర్కారు హైదరాబాద్ నుంచి పంపేసింది. ఆయన సరోజినీ నాయుడి తండ్రి. ఆ బహిష్కరణ ఆయన జీవిత చరిత్రలో గర్వంగా చెప్పుకునే పేజీ. రాజుని ఎదిరించి వెళ్లినవాడికి చరిత్ర ఉంటుంది. అప్పు కోసం తల వంచి వచ్చినవాడికి మాట కూడా లేదు. ‘వెనక్కొచ్చిండు’ అంటాం, అంతే.

*

మిగతా చోట్ల ఈ మనిషిని ఎలా రాశారో చూస్తే మన లోటు ఇంకొంచెం స్పష్టమవుతుంది.

బెన్యామిన్ మలయాళ నవల ‘ఆడుజీవితం’ 2008లో వచ్చింది, 2024లో సినిమా అయింది. అందులో నజీబ్ ఎడారి దాటి రియాద్ చేరాక ఏం చేస్తాడు? పోలీసులకి కావాలని దొరికిపోతాడు. జైలుకి వెళ్లి, అక్కడి నుంచి పంపేస్తే ఇల్లు చేరొచ్చు. సినిమా చూసినవాళ్లు ఎడారి గురించే మాట్లాడుకున్నారు గానీ, ఆ కథకి గుండెకాయ నాకు ఇదే. డిపోర్టేషన్ అతనికి శిక్ష కాదు, దారి. అతని ఇష్టానికి దొరికిన ఒకే రూపం పట్టుబడటం. చట్టం ‘బలవంతం’ అనేదాన్ని మనిషి తన ఇష్టంగా వాడుకున్నాడు. మన కుర్రాడిది దీనికి సరిగ్గా తలకిందులు. చట్టం ‘ఇష్టం’ అన్నదాంట్లో అతనికి బలవంతమే కనిపించింది.

2023లో వచ్చిన హిందీ సినిమా ‘డంకీ’ ఇంకో దారి పట్టింది. లండన్ కోర్టులో హీరో తన దేశంలో తనకి ప్రాణభయం ఉందని అబద్ధం చెప్పనంటాడు, వెనక్కి పంపించేస్తారు. హాల్లో చప్పట్లు పడే సీను. నాకు మాత్రం ఆ సీను మీద అనుమానం. తిరిగి రావడాన్ని దేశభక్తి చేసేస్తే, వచ్చినవాడి అప్పు గురించి, అవమానం గురించి మాట్లాడక్కర్లేదు. మిగతా పాత్రలు ఎందుకు అబద్ధమాడవలసి వచ్చిందన్న ప్రశ్న కూడా ఆ చప్పట్లలో కలిసిపోతుంది.

1948 జనవరి 28న కాలిఫోర్నియాలో లాస్ గాటోస్ కాన్యన్‌లో విమానం కూలి 32 మంది చనిపోయారు. వాళ్లలో 28 మంది మెక్సికోకి తిరిగి పంపిస్తున్న కూలీలు. కొందరు కాయితాలు లేక వెనక్కి పోతున్నవాళ్లు, కొందరు పని ఒప్పందం అయిపోయి పోతున్నవాళ్లు. వార్తల్లో విమాన సిబ్బంది పేర్లు వచ్చాయి, వీళ్లకి మాత్రం ‘డిపోర్టీలు’ అన్న ఒక్క మాటే. దాని మీద వుడీ గథ్రీ రాసిన పాట ఇప్పటికీ పాడుతున్నారు. పాట వాళ్ల పేర్లు లేకపోవడాన్ని గుర్తుపెట్టింది. పేర్లు వెతకడం అరవై ఏళ్ల తర్వాత టిమ్ జెడ్. హెర్నాండెజ్ అనే రచయిత చేసిన పని. 2013లో ఫ్రెస్నో శ్మశానంలో 28 పేర్లతో రాయి నిలబెట్టారు. ఒక రచన లోటుని చూపిస్తే ఇంకో రచన దాన్ని పూడ్చింది. మనం ఇంకా మొదటి పని కూడా చెయ్యలేదు.

వలేరియా లూయిజెలీ న్యూయార్క్ ఇమిగ్రేషన్ కోర్టులో చిన్నపిల్లలకి దుబాసీగా పనిచేసింది. పిల్లల్ని అడగవలసిన 40 ప్రశ్నల ఫారాన్నే తన పుస్తకానికి చట్రంగా పెట్టుకుంది. 2017లో వచ్చిన ఆ పుస్తకం చదివాక నాకు అనిపించింది: ఫారం కూడా ఒక సాహిత్య రూపమే. మన ఇళ్లలో ఐ-20లు, లోను కాయితాలు, కోర్టు నోటీసులు బీరువాల్లో ఉన్నాయి. అవి ఇంతవరకు కథలోకి రాలేదు.

*

ఎందుకు రాలేదు? నాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది, అమెరికా నుంచి తెలుగులో రాసేవాళ్లలో ఎక్కువమంది అక్కడ నిలదొక్కుకున్నవాళ్లు. తొంభైల నుంచి సంకలనాలు వస్తున్నాయి, ‘ఈమాట’ 1998 నుంచి నడుస్తోంది. మంచి కథలు ఎన్నో వచ్చాయి, కాదనను. కానీ నిలబడ్డవాడికి జారిపోయినవాడి మీద జాలి ఉంటుంది, దానితోపాటు కాస్త విసుగూ ఉంటుంది. ‘మేం పద్ధతిగా వచ్చాం, వీళ్ల వల్ల మన పేరు పోతోంది’ అన్న మాట ఫార్మింగ్టన్ అప్పుడు నేను చాలా నోళ్లలో విన్నాను. అదే సమయంలో తెలుగు సంఘాలు లాయర్లని పెట్టాయి, సాయం చేశాయి. సాయం చెయ్యడం వేరు, ఆ మనిషిని కథలో మధ్యన కూర్చోబెట్టడం వేరు.

రెండోది, ఈ కథలో విలన్ సరిగ్గా దొరకడు. కుర్రాడికి తెలుసా, తెలియదా? తెలిసీ తెలియనట్టుంది. క్లాసులు లేవని తెలుసు. ప్రభుత్వ జాబితాలో పేరుందనీ తెలుసు. చేర్పించినవాడు వాడి రూమ్మేటే, వాడి లాగే అప్పుల్లో ఉన్నాడు. వల పన్నినది ప్రభుత్వం, వలలోకి తోసింది మనవాడు, తనంతట తాను నడిచింది కూడా మనవాడే. ప్రాసిక్యూటర్లు ‘అంతా తెలిసే చేశారు’ అన్నారు. మనవాళ్లు ‘అమాయకులు’ అన్నారు. రెండూ తేలిక వాక్యాలు. కథ పనిచెయ్యవలసింది ఆ రెండింటి మధ్యనున్న బురదలో. మనకేమో బాధితుడు పూర్తిగా శుభ్రంగా ఉంటే తప్ప కథ రాయబుద్ధి కాదు.

మూడోది ఇంటి పరువు. వచ్చినవాడి గురించి ఇంట్లోవాళ్లు ‘కంపెనీ ఇండియాకి పంపింది’ అంటారు. పెళ్లి సంబంధాల దగ్గర అదే మాట. తమ్ముడి వీసాకి అడ్డం వస్తుందేమోనని ఆ మాట ఇంకా గట్టిపడుతుంది. ఇది బలమైన కారణం. ఇక్కడ నా మీదే ఒక ప్రశ్న పడుతుంది: నోరు మూసుకోవడమే వాళ్లకి రక్ష అయినప్పుడు, కథ కావాలని అడగడం క్రూరత్వం కాదా?

దీని గురించి చాలా ఆలోచించాను. ఆ అబ్బాయి వేదికెక్కి తన పేరు చెప్పి సాక్ష్యం ఇవ్వాలని నేను అడగను. అది ఇంకో కోర్టు అవుతుంది. అసలు కల్పన ఉన్నదే దీనికోసం కదా. ఒకరి పేరు చెప్పకుండా, ఒకరి కేసు తిరగదోడకుండా, జరిగినదాని బరువంతా పేజీ మీద పెట్టగలిగేది కథ ఒక్కటే. ఫారంలో ‘ఔను’, ‘కాదు’ అని రెండే గళ్లు. కథలో అలా లేదు. ఐస్ కల్పనని వల చేసింది. మనం దాన్ని తలదాచుకునే చోటుగా వాడొచ్చు. అతని ప్రమేయం లేకుండా అతని బాధ రాసేసి పేరు తెచ్చుకునే ప్రమాదం ఉంది, నిజమే. దానికి మందు రాయకపోవడం కాదు, అతనితో కూర్చుని టీ తాగాక రాయడం.

*

ఇదంతా పాత గొడవ కాదు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మందిని సంకెళ్లతో తీసుకొచ్చి అమృత్‌సర్‌లో దింపింది. ఆ మార్చిలోనే ‘మీరే వెళ్లిపోండి, ఇక్కడ నొక్కండి’ అనే యాప్ వచ్చింది. మే నెలలో అలా వెళ్లినవాళ్లకి 1,000 డాలర్లు, టికెట్ ఖర్చు ఇస్తామన్నారు. ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల రికార్డులు ఒక్కసారిగా రద్దు చేశారు. కోర్టులకి వెళ్తే నెలాఖరుకి తిరిగి పునరుద్ధరించడం మొదలుపెట్టారు. ఆ మధ్యలో ఉన్న రోజుల్లో మెయిల్ చూసి భయపడి టికెట్ కొనుక్కున్నవాడి పరిస్థితి ఆలోచించండి. వాడిని ఎవరు పంపారు? సంకెళ్ల ఫొటో ఒక పక్క, యాప్ ఒక పక్క. ఆ ఫొటో పని ఈ యాప్ నొక్కించడమే. స్వచ్ఛందం అలా తయారవుతుంది.

మా నారాయణగూడ కన్సల్టెన్సీల బోర్డులు మాత్రం దిగలేదు. దిగాలని కూడా నేననను. శేఖర్ కమ్ముల ‘డాలర్ డ్రీమ్స్’ 2000లో వచ్చింది. వెళ్లాలా వద్దా అన్నది ఆ తరం ప్రశ్న. ఈ తరం ప్రశ్న వేరు: ఉండనివ్వనప్పుడు ఎలా రావాలి, వచ్చాక ఏమని చెప్పుకోవాలి. ఇరవై అయిదేళ్లలో ప్రశ్న మారిపోయింది, మన కథ ఇంకా ఎయిర్‌పోర్టు గేటు దగ్గరే చెయ్యి ఊపుతోంది.

ఆ కథ రాసేవాళ్లకి ఒక పాఠకుడిగా నా కోరికలు కొన్నే. ఫీజు ఎంతో రాయండి. అప్పు ఎవరి పేరు మీద ఉందో రాయండి. జడ్జి అడిగిన ప్రశ్నకి, ఇతను ఔననడానికి మధ్య దుబాసీ ఏం తర్జుమా చేశాడో రాయండి. నాన్నకి ఫోన్ చేసినప్పుడు ముందు ఏ మాట అన్నాడో రాయండి. అతన్ని అమాయకుణ్ణి చెయ్యకండి, హీరోనీ చెయ్యకండి. స్వచ్ఛందంగా అన్న మాట వచ్చినచోటల్లా ఆగి, ఎవరి స్వచ్ఛందం అని ఒకసారి అడగండి.

అమెరికా నుంచి ఎవరొచ్చినా మన ఊళ్లలో మొదటి పలకరింపు ఒకటుంది: “ఎప్పుడొచ్చినవ్? మళ్ల ఎప్పుడు పోతున్నవ్?” ఆప్యాయంగానే అడుగుతారు. మా జూనియర్ బస్సు దిగిన రోజు మొదలు ఇంటికి చేరేలోపల నలుగురు అడిగారట. ప్రతి ఒక్కరికీ ఒక్కో తేదీ చెప్పాడట. కథ అక్కడ మొదలుపెట్టొచ్చు.